నీళ్లు నికరంగా ఎటూ తిరగలేదు

మా సంస్థ గురించి కాకినాడలో నానా మాటలూ అనుకుంటున్నారని నాకు తెలుసు. మా ఆవరణలో గేదెలు తిరుగుతున్నాయంటారు. తిరుగుతున్నాయి. మా లిఫ్టు ఎక్కడమే గాని దిగదంటారు. దిగదు. మా డైరెక్టరు గారు టూరుకెళ్లి ఇంకా తిరిగి రాలేదంటారు. రాలేదు, రారు కూడా. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వీటన్నిటి వెనకా ఒక సూత్రం ఉంది, ఆ సూత్రం వెనక ఒక డ్రమ్ముడు నీళ్లున్నాయి. ఆ సంగతి తెలుసుకోకుండా టీ బడ్డీ దగ్గర నిలబడి ఇకిలించే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. నా పేరు విశ్వపతి. ఉష్ణ ప్రవాహాల అధ్యయన సంస్థలో పరిపాలనాధికారిని. నీళ్ల గురించి నాకేమీ తెలియదు. రూల్సు గురించి నాకు తెలియంది లేదు.

మా సంస్థకి ప్రాణం ఆ డ్రమ్మే. మనిషెత్తు గాజు డ్రమ్ము, నిండా నీళ్లు. ఒక ఇనప పీట మీద నిలబెట్టారు. అడుగున వేడి పెడతారు, పైన చల్లబరుస్తారు. అడుగున కాగిన నీళ్లు ఒక పక్కనించి పైకి పోతాయి, పైన చల్లబడ్డ నీళ్లు రెండో పక్కనించి కిందికి దిగుతాయి. మన ఇళ్లల్లో పప్పుచారు కాగేటప్పుడు గిన్నెలో జరిగేదీ ఇదే. కాకపోతే పప్పుచారుకి గ్రాంటు ఇవ్వరు.

ఆ ఎక్కడం, దిగడం కలిసి డ్రమ్ము నిండా ఒక పెద్ద చక్రంలా తిరుగుతాయి. ఆ చక్రానికి నిలకడ లేదు. తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఊగి ఊగి, ఎప్పుడో ఒకప్పుడు, ఎవరితోనూ చెప్పకుండా ఆగిపోయి, వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా కుడికి తిరిగింది కాస్తా ఎడమకి మళ్లుతుంది. మళ్లీ ఎప్పుడో కుడికి. ఎప్పుడు మళ్లుతుందో తెలియదు, ఎందుకు మళ్లుతుందో అంతకన్నా తెలియదు. గాలులు దిక్కు మారడానికీ, భూమి పొట్టలో ఏవేవో తారుమారు కావడానికీ మూలం ఇలాంటి చోటే ఉందని మా వాళ్లు అంటారు.

ఆ ఎందుకు అన్నది తేల్చడానికే డాక్టర్ తులసీరత్నం గారు ఉన్నారు. అమలాపురం మనిషి. నలభైకి దగ్గర పడుతున్నా డ్రమ్ము ముందు కూర్చుంటే చంటిపిల్లని చూస్తున్నట్టే ఉంటుంది ఆవిడ మొహం. మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా అక్కడే విప్పుతారు, తినే లోపల నీళ్లు మళ్లిపోతాయేమోనని. ఆవిడది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏటేటా పొడిగించే ప్రాజెక్టు. నీళ్లు మళ్లడం గురించి దసరా లోపల కొత్త రిపోర్టు ఇస్తేనే పొడిగింపు. రిపోర్టు రాయాలంటే నీళ్లు మళ్లాలి. అంటే ఆవిడ ఉద్యోగమంతా ఆ నీళ్లు ఇటునించి అటు తిరగడం మీద ఉంది.

సరిగ్గా అక్కడే ఆడిట్ వాళ్లు పట్టుకున్నారు.

ఆడిట్ అధికారి అనంతశయనం గారు బక్కపల్చటి మనిషి. కూర్చునే ముందు కుర్చీని రుమాలుతో తుడిచి, తుడిచిన రుమాలుని కూడా ఓసారి అనుమానంగా చూసుకుంటారు. హెడ్డాఫీసు నించి వచ్చి గెస్టుహౌసులో దిగారు. డ్రమ్ము గదిలో తులసీరత్నం గారి గ్రాఫు అందుకుని వేలితో ఆ చివరి నించి ఈ చివరి దాకా వెళ్లారు.

"ఇదేమిటమ్మా, ఈ గీత లేస్తూ పడుతూ ఉంది?"

"నీళ్లు కుడికి తిరిగినప్పుడు సున్నాకి పైన ఉంటుందండి. ఎడమకి తిరిగితే కిందికెళ్తుంది."

"మొత్తం కూడితే ఎంత?"

"కూడితే ఇంచుమించు సున్నా వస్తుందండి. రావాలి కూడా. ఎటైనా తిరగ్గలదని దాని అర్థం."

ఆయన కళ్లజోడు తీశారు. "అనగా, ఆర్థిక సంవత్సరం పొడుగునా ప్రభుత్వ విద్యుత్తు వినియోగించుకుని, ఈ నీరు నికరంగా ఎటూ తిరగలేదు."

"తిరిగిందండి. ఇప్పుడూ తిరుగుతోంది, చూడండి."

"నేను చూడ్డానికి రాలేదమ్మా. ఆడిట్‌కి వచ్చాను."

మర్నాటికి అభ్యంతరం తయారైంది. 'సదరు నీరు కుడివైపున చేసిన పనిని ఎడమవైపున తానే రద్దు చేసుకొనుచున్నట్లు గమనించడమైనది. నికర ఫలితము శూన్యము. ఇట్టి శూన్యమునకు విద్యుత్తు ఏల వినియోగించవలసి వచ్చెనో సంస్థ వివరణ ఇవ్వవలెను. వివరణ సంతృప్తికరముగా లేనిచో డ్రమ్ము మూసివేయవలెను.'

దాచుకోవడం ఎందుకు, నాకా పేరా నచ్చింది. నా సర్వీసులో ఎన్నో అభ్యంతరాలు చూశాను. సంతకం పక్కన తేదీ లేదంటారు, బిల్లు మీద కాఫీ మరక ఉందంటారు. అంత శుభ్రమైన అభ్యంతరం, వేలెత్తి చూపడానికి వీల్లేనిది, నేను చూడ్డం అదే మొదలు. తులసీరత్నం గారు మాత్రం ఆ కాగితం చదివి, మళ్లీ చదివి, "మరి గడియారంలో లోలకం కూడా ఇంతే కదండీ" అన్నారు. మా ఆఫీసు గోడ గడియారానికి లోలకం ఉంది. తరవాత వేసిన కమిటీ చెవిన ఆ మాట పడగానే దాన్ని దింపేశారు.

కమిటీ ఏమిటంటే, ఆ అభ్యంతరం హెడ్డాఫీసుకి వెళ్లీ వెళ్లగానే అక్కడ వాళ్లకి మరీ నచ్చేసింది. దాన్ని 'నికర ఫలిత సూత్రం' అని పేరు పెట్టి అన్ని సంస్థలకీ సర్క్యులర్ వేశారు. ఏ పని అయితే తరవాతి పని వల్ల రద్దవుతుందో ఆ పని పనిగా లెక్కించబడదు. అదీ సూత్రం. మా డైరెక్టరు సీతాపతిరాజు గారు ఆ సర్క్యులర్ పట్టుకుని నా గదికి తనే నడిచొచ్చారు. ఆయన ఇంకొకరి గదికి రావడం నేనెరగను.

"విశ్వపతి గారూ, ఈ సూత్రం ఎక్కడ పుట్టిందండీ? మన డ్రమ్ములో పుట్టింది. దీని అమలులో మనం అందరికంటే ముందుండాలా వద్దా?"

"ఉండాలండి."

"కమిటీ వెయ్యండి. ఫ్లెక్సీ కట్టించండి. డ్రమ్ము సంగతి తరవాత చూద్దాం, ముందు మనుషుల సంగతి చూడండి."

నేను కమిటీకి కార్యదర్శినయ్యాను. మొదట లిఫ్టు దగ్గరికి వెళ్లాం. అది ఎన్నిసార్లు ఎక్కుతుందో అన్నిసార్లు దిగుతోంది. నిర్మాణం అయిన దగ్గర్నించీ నికరంగా ఒక్క అంగుళం కూడా పైకి వెళ్లలేదని తేలింది. ఇకమీదట లిఫ్టు పైకి మాత్రమే వెళ్లాలని ఉత్తర్వు ఇచ్చాం. అది మూడో అంతస్తుకి వెళ్లి అక్కడ ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మెట్లెక్కి వెళ్లి చూడొచ్చు.

లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్తున్నారు, మళ్లీ తెచ్చి ఇచ్చేస్తున్నారు. ఇంతకన్నా దండగ పని ఇంకోటుందా? ఇచ్చినవి వెనక్కి తీసుకోవద్దన్నాం. కొన్నాళ్లకి బీరువాలన్నీ ఖాళీ అయ్యాయి. మా లైబ్రేరియన్‌కి సంపూర్ణ పంపిణీ సాధించినందుకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆవిడ ఇప్పుడు ఖాళీ బీరువాల మధ్య కూర్చుని ఊలు అల్లుకుంటోంది. అల్లింది విప్పకూడదు, అంతే.

గేటు దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది అయింది. వాచ్‌మన్ నూకరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున్న జనం లోపలికొత్తారండి, సాయంత్రం బయటికెల్తారండి. మరి నా పని కూడా సున్నాయేనాండి?"

పాపం పిల్లలు గలవాడు. వాడి ఉద్యోగం నిలబెట్టాలని గేటు లోపలికి రావడానికే అని నిర్ణయించాం. ఎవర్నీ బయటికి పోనివ్వకపోవడం నూకరాజు డ్యూటీ. వాడు దాన్ని ప్రాణం పెట్టి చేశాడు. తెరిచిన గేటు కదా, రోడ్డు మీద పోయే గేదెలు గడ్డి కోసం లోపలికి వచ్చేశాయి. పోబోతే నూకరాజు కర్ర అడ్డం పెట్టాడు. రావడమే గాని పోవడం లేని సంస్థగా మా హాజరు శాతం ఆ నెల రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. మేమెలా ఇళ్లకి పోతున్నామని అడుగుతారు. వెనక గోడ దూకి పోతున్నాం. గోడ దూకడానికి ఏ రూలూ లేదు, అది ఎందులోనూ నమోదు కాదు, కాబట్టి సూత్రానికి భంగం రాదు. నా వయసులో గోడ దూకడం మర్యాద కాదని మా ఆవిడ అంటుంది. సర్క్యులర్లో మర్యాద ప్రస్తావన లేదు.

డైరెక్టరు గారు అప్పటికే ఢిల్లీ వెళ్లొచ్చి టూరు బిల్లు పెట్టి ఉన్నారు. కాకినాడ నించి బయల్దేరి కాకినాడకే వచ్చారు గనక నికర ప్రయాణం శూన్యం అని బిల్లు వెనక్కొచ్చింది. సూత్రానికి ఫ్లెక్సీ కట్టించిన మనిషి, ఏమనగలరు? మళ్లీసారి ఢిల్లీ వెళ్లినప్పుడు ఆయన తిరిగి రాలేదు. అక్కణ్నించి చండీగఢ్ వెళ్లారు, అక్కణ్నించి ఇంకా పైకి. వారానికోసారి వాళ్లావిడ ఫోను చేసేవారు.

"విశ్వపతి గారూ, మా వారు ఎక్కడున్నారండీ?"

"ముందుకెళ్తున్నారమ్మా."

"ఇంటికెప్పుడొస్తారండీ?"

దానికి నా దగ్గర ఏ ఉత్తర్వూ లేదు.

అనంతశయనం గారి సంగతీ అంతే అయింది. ఆడిట్ ముగించి బయల్దేరబోతుంటే హెడ్డాఫీసు నించి తాఖీదు. 'తమరు తిరిగి వచ్చినచో తమ పర్యటన శూన్యమగును. కావున తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు అచటనే ఉండవలెను.' మొదట్లో ఆయనకి అది గర్వంగానే ఉండేది. "సూత్రమన్నాక అందరికీ ఒకటే నండి" అని గెస్టుహౌసు వరండాలో కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆయన కుర్చీ పక్కన ఒక గేదె పడుకుని ఉండేది.

ఈ లోపల డ్రమ్ము సంగతి తేల్చాల్సి వచ్చింది. కమిటీ సమావేశానికి తులసీరత్నం గారిని పిలిచాం. డైరెక్టరు గారు జమ్మూ నించి ఫోన్లో ఉన్నారు.

"డ్రమ్ము మూసెయ్యడం నాకిష్టం లేదమ్మా" అన్నారాయన. "మన పేరు దాంతోనే వచ్చింది. నీళ్లు ఒక వైపే తిరిగేలా చెయ్యలేమా?"

ఆవిడకి అబద్ధమాడ్డం రాదు. అదే ఆవిడ చేసిన పొరపాటు. "చెయ్యొచ్చండి. డ్రమ్ముని ఒక పక్కకి కొద్దిగా వాలిస్తే చాలు, మళ్లడం మానేస్తుంది. కానీ అలా వాలిస్తే ఇంక నాకు..."

ఆ తరవాతి మాటలు ఎవరికీ వినబడలేదు, అందరం చప్పట్లు కొడుతున్నాం. కుడా ఎడమా అన్న దాని మీద కాసేపు చర్చ నడిచి, గుళ్లో ప్రదక్షిణం ఎటు చేస్తామో నీళ్లూ అటే తిరగాలని తీర్మానించాం. వడ్రంగి ఏసోబు వచ్చి, ఇనప పీటకి ఎడం పక్కన ఒక చెక్క ముక్క దూర్చి పెట్టాడు. తులసీరత్నం గారు గోడకానుకుని నిలబడి చూశారు. మా అందరికీ టీలు ఇచ్చారు గాని ఆవిడ తన గ్లాసు ముట్టుకోలేదు.

చెక్క పని చేసింది. నీళ్లు కుడికి తిరిగాయి. ఆ రోజూ కుడికే, ఆ వారమూ కుడికే, ఆ నెలంతా కుడికే. గ్రాఫులో గీత సున్నా మొహం చూడ్డం మానేసింది. అనంతశయనం గారు తన అభ్యంతరం ఉపసంహరించుకున్నారు. హెడ్డాఫీసు నించి షీల్డు వచ్చింది. 'ద్రవ పదార్థముల యందు క్రమశిక్షణ నెలకొల్పినందులకు' అని రాసి ఉంది దాని మీద. నా గదిలో, లోలకం గడియారం దింపిన మేకుకే తగిలించాను.

షీల్డు తగిలించిన రోజునే తులసీరత్నం గారు వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"విశ్వపతి గారూ, ఆ చెక్క తీయించెయ్యండి."

"అదేంటమ్మా, మీ డ్రమ్ము దక్కింది కదా?"

"డ్రమ్ము దక్కిందండి. దాంట్లో ఉన్నది పోయింది. ఇప్పుడది గానుగెద్దులా తిరుగుతోంది. అది ఎందుకు మళ్లుతుందో చూడమని కదండీ నన్ను పెట్టుకున్నారు? మళ్లకపోతే నేనేం చూడను? ఏం రాయను? దసరాకి నన్ను పంపించేస్తారు." ఆవిడ డ్రమ్ము గది వైపు చెయ్యి చూపారు. "ఇన్నేళ్లు దాని ముందే కూర్చున్నానండి. ఇంకొక్క నాలుగు సార్లు మళ్లితే నాకేదో అంతు చిక్కేలా ఉంది."

నాకు చాలా బాధేసింది. కానీ బాధ వేరు, రూలు వేరు. "అమ్మా, ఆలోచించండి. ఏసోబు చెక్క పెట్టాడు. ఇప్పుడు తీస్తే ఏమవుతుంది? పెట్టడం, తియ్యడం కలిపి సున్నా. ఏసోబు పని సున్నా, కమిటీ తీర్మానం సున్నా, నా సంతకం సున్నా, షీల్డు వెనక్కి పంపాలి. పెట్టిన దాన్ని తియ్యడం అనేది ఇప్పుడు మన దేశంలోనే లేదు."

"అయితే నేను మూట సర్దుకోవాలన్న మాట."

"నేనలా అనలేదు."

"అనలేదండి. మీరెప్పుడూ ఏదీ అనరు" అని వెళ్లిపోయారు. ఆ మాట నాకు రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంది. నేను ఇంట్లో అన్నం ముందు కూర్చుని దాన్నే తలుచుకుంటుంటే, "ఆ గోడ దూకడంలో ఎక్కడైనా బెణికిందా?" అని అడిగింది మా ఆవిడ.

వర్షాలు పడుతుండగా అనంతశయనం గారు డ్రమ్ము గదికి రావడం మొదలుపెట్టారు. అక్కడ వెచ్చగా ఉంటుంది, గేదెలు ఉండవు. ఓ మధ్యాహ్నం నేను వెళ్లేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని నీళ్ల వంకే చూస్తున్నారు. కుర్చీ తుడిచే రుమాలు ఒళ్లో నలిగిపోయి ఉంది. తులసీరత్నం గారు తన కాగితాలు అట్టపెట్టెలో సర్దుకుంటున్నారు.

"ఇంటి నించి ఫోనొచ్చిందండి" అన్నారాయన నాతో. "నా పడక్కుర్చీలో పిల్లి పడుకుంటోందట. ఇదివరకు నేను తరిమేసేవాణ్ని. ఇప్పుడు మా ఆవిడ తరమడం లేదట. ఎవరో ఒకర్ని కూర్చోనివ్వండి అంటోంది."

"హెడ్డాఫీసుకి రాసుకోకపోయారా?"

"రాశానండి. జవాబు వచ్చింది. నా పేరానే నాకు టైపు చేసి పంపించారు." ఆయన డ్రమ్ము వైపు తిరిగారు. "అమ్మా, ఇది ఎప్పటికీ ఇలా కుడికే పోతుందా?"

"చెక్క ఉన్నంత కాలం అంతేనండి."

"ఇదివరకు వెనక్కి వచ్చేది కదూ?"

"వచ్చేదండి. మీరే అది లెక్కలోకి రాదన్నారు."

ఆవిడ ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు, పెట్టెకి తాడు కడుతూ మామూలుగానే అన్నారు. ఆయన మాత్రం ఒళ్లో రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత లేచి, "విశ్వపతి గారూ, ఆ చెక్క తీయించెయ్యండి" అన్నారు.

నేను ఏం చెయ్యను? ఆయన రాసిన సూత్రమే ఆయనకి వినిపించాను. ఏసోబు పని, కమిటీ, సంతకం, షీల్డు. ఒక్కో మాటకీ ఆయన తల ఊపుతున్నారు. అంత గట్టిగా రాసుకున్నారు మరి. చివరికి మళ్లీ స్టూలు మీద కూలబడి, "దాంట్లో ఎక్కడా సందు వదల్లేదు కదండీ నేను" అన్నారు.

తులసీరత్నం గారు తాడు కడుతున్నావిడల్లా ఆగారు.

"తియ్యద్దండి" అన్నారు. "ఇంకోటి పెడదాం. రెండో పక్కన."

ఇద్దరం ఆవిడ వంక చూశాం.

"ఎడం పక్కన ఉన్న చెక్క అలాగే ఉంటుందండి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. కుడి పక్కన అంత మందం చెక్కే ఇంకోటి పెడతాం."

అనంతశయనం గారు నెమ్మదిగా కళ్లజోడు పెట్టుకున్నారు. "తీసివేత లేదు?"

"లేదండి."

"కూడికే?"

"కూడికేనండి."

"ఒక చెక్క ఉన్న చోట రెండు చెక్కలవుతాయి."

"రెండవుతాయండి. డ్రమ్ము కూడా కాస్త ఎత్తు పెరుగుతుంది."

"ఎత్తు పెరుగుతుందా?" అన్నారాయన. ఆ గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. అక్కడికక్కడే నా చేత ప్రతిపాదన రాయించి, కింద తన చేత్తో రాశారు. 'ప్రతిపాదన పూర్తిగా అభివృద్ధి స్వభావము కలదిగా గమనించడమైనది. ఎట్టి అభ్యంతరము లేదు.' ఏసోబుని పిలిపిస్తే, "ఆయ్, ఎన్ని పెట్టమంటే అన్ని పెడతానండి, నాదేం పోయింది" అని వచ్చి పెట్టి, గోడ దూకి వెళ్లాడు.

డ్రమ్ము నిటారుగా నిలబడింది. నీళ్లు వెంటనే ఏమీ మళ్లలేదు. ఆవిడ అట్టపెట్టె విప్పలేదు, దాని మీదే కూర్చుని చూశారు. ఆయన స్టూలు మీద. నాకు నా గదిలో బోలెడు పని ఉంది, అయినా ఏదో వంకన వచ్చి పోతూనే ఉన్నాను. దసరా దగ్గర పడుతోంది. నీళ్లు కుడికే తిరుగుతున్నాయి, కాస్త ఊగుతున్నాయి, మళ్లీ కుడికే. అలవాటు పడిపోయాయేమో, ఇంక మళ్లవేమో అని నాకు భయం పట్టుకుంది. ఆ మాట పైకి అనలేదు. ఆవిడ అన్నట్టు నేనెప్పుడూ ఏదీ అనను కదా.

ఓ రోజు ఆవిడ అన్నం డబ్బా మూత తీస్తుండగా ఊపు పెద్దదైంది. "ఆగండి" అన్నారు, మేమేదో కదిలినట్టు. డ్రమ్ములో చక్రం మందగించింది. ఒక్క క్షణం నీళ్లు ఎటు పోవాలో తోచనట్టు నిలబడిపోయాయి. తరవాత వేడి నీళ్లు రెండో పక్కనించి లేచాయి, నిదానంగా, ఆ తరవాత జోరుగా, మొత్తం చక్రం ఎడమకి తిరిగింది. తులసీరత్నం గారి కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి, చెయ్యి మాత్రం గ్రాఫు మీద గుర్తులు పెట్టుకుంటోంది. నేను చప్పట్లు కొట్టాను. నికరంగా చూస్తే అక్కడ ఏమీ జరగలేదని నాకు తెలుసు. అయినా కొట్టాను.

"ఎందుకు మళ్లిందమ్మా?" అని అడిగారు అనంతశయనం గారు.

"ఇంకా తెలీదండి. అది తెలుసుకోవడమే నా ఉద్యోగం."

"మంచి ఉద్యోగం" అన్నారాయన. ఆ సాయంత్రమే నా గదికి వచ్చి, తలుపు వేసి, గొంతు తగ్గించి, "నేను తిరిగి వెళ్లనండి" అన్నారు. "రెండో టూరు వేసుకుంటాను. ఇక్కణ్నించి ఇంకో ఊరికి. ఆ ఊళ్లోనే మా ఇల్లుంది, అది నా తప్పు కాదు."

కాదన్నాను. ఉత్తర్వు నేనే టైపు చేయించాను. వెనక గోడ దగ్గర ఆయన సూట్‌కేసు నేను పట్టుకుంటే ఆయన దూకారు. దూకాక అటువైపు నించి చెయ్యి చాపి సూట్‌కేసు అందుకుని, "పిల్లిని మాత్రం నేను తరమనండి" అన్నారు.

ఆ తరవాత అన్నీ దారిన పడ్డాయి. తులసీరత్నం గారు దసరాకి ముందే రిపోర్టు ఇచ్చారు, పొడిగింపు వచ్చింది. ఎందుకు మళ్లుతుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు గనక ఏటా వస్తోంది. గేదెలు బయటికి పోవడానికి వీల్లేదు గాని, రోడ్డులోకి ప్రవేశించడానికి ఇంకో గేటు కట్టించడానికి ఏ అడ్డూ లేదు. ఆ గేటు తయారవుతోంది. అది పూర్తయ్యేదాకా గేదెలు ఉంటాయి, నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. కిందికి మాత్రమే వెళ్లే రెండో లిఫ్టుకి టెండరు పిలిచాం. డైరెక్టరు గారు ఇప్పుడు ఈశాన్యంలో ఉన్నారు, వాళ్లావిడ కూడా ఈ మధ్యే ముందుకు బయల్దేరారు.

నీళ్లు మళ్లడం మొదలుపెట్టాయి గనక గ్రాఫు మళ్లీ సున్నాకి వస్తుంది. ఏటా కొత్త ఆడిట్ అధికారి వస్తారు, నికరంగా ఎటూ తిరగలేదని అభ్యంతరం పెడతారు, మేము ఎడం పక్కన ఒక చెక్క పెడతాం. ఆయన సంతోషించి ఇంకో ఊరికి వెళ్లాక కుడి పక్కన ఒకటి పెడతాం. రెండూ అభివృద్ధే. డ్రమ్ము ఏటికేడాది పైకి లేస్తోంది. ఎదుగుదలకి మాకింకో షీల్డు కూడా వచ్చింది. పైకప్పు ఎత్తించడానికి ప్రతిపాదన పంపించాను.

ఇప్పుడు డ్రమ్ము దగ్గరికి వెళ్లాలంటే నిచ్చెన వేసుకోవాలి. తులసీరత్నం గారు పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కుతారు. ఎక్కడం నేను స్వయంగా చూసి నమోదు చేస్తాను. సాయంత్రం దిగుతారు. ఆ వేళకి నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.